పసుపు ఊళ్ళో పెరటి మొక్క

ఆర్మూరు పేరు చెప్పగానే ఎవరికైనా పసుపే గుర్తుకు వస్తుంది. నవనాథ సిద్ధుల గుట్ట నల్లరాళ్ళ మీద నిలబడి చూస్తే కింద పట్టణం, దాని చుట్టూ పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న చేలు కనబడతాయి. దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట పసుపు రకాలతో పాటు ‘ఆర్మూరు’ అనే పేరుగల రకం కూడా వ్యవసాయ గ్రంథాలకు ఎక్కింది. కొద్ది దూరంలో కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా కేంద్రం ఉంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభమైంది. ఇటువంటి ఊరివారికి మొక్కలు పెంచండి అని చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుందని కొందరు పాఠకులు నవ్వుకోవచ్చు.

అయినా చెప్పదలచాం. ఎందుకంటే చేను వేరు, పెరడు వేరు.

చేనుకు లెక్క ఉంటుంది. మృగశిర కార్తెలో విత్తనం నేలలో పడింది మొదలు జనవరి, ఫిబ్రవరి నెలల్లో తవ్వే దాకా, ఇంచుమించు తొమ్మిది నెలలు, రైతు కళ్ళు ఆకు మీదా ఆకాశం మీదా ఉంటాయి. తవ్విన పసుపును ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టించాలి, కొమ్మును మండను వేరు చేయాలి, నిజామాబాదు యార్డుకు తోలాలి. అక్కడ ధర గిట్టదనుకుంటే కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకుపోతారు. ఆ లెక్క తప్పినప్పుడు రైతు మనసు ఎంత కలత పడుతుందో 2019 లోక్‌సభ ఎన్నికలు దేశానికంతటికీ చూపించాయి. నిజామాబాదు స్థానానికి ఆ ఏడు 185 మంది పోటీలో నిలిచారు. వారిలో 170 మందికి పైగా రైతులే. గెలవడానికి కాదు, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని చెప్పడానికి నామినేషన్ వేసినవారు వారు. పచ్చని చేను మధ్య నిలబడినంత మాత్రాన మనిషికి మనశ్శాంతి దొరకదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పెరట్లో నాలుగు మొక్కలకు ఆ లెక్క లేదు. కాస్తే కాసింది, లేకుంటే లేదు. ఆ నిర్లెక్కలోనే దాని వైద్యగుణం ఉందని మా అభిప్రాయం. తోటపని వల్ల ఆరోగ్యం బాగుపడుతుందని ఈరోజు డాక్టర్లు చెబుతున్నారు, మనోవైద్యులు చెబుతున్నారు. అది ఆర్మూరు వంటి ఊళ్ళో ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో చూద్దాం.

చాట ముందు గడిచే రోజు

నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టి సంసారం ఈదే స్త్రీలు వేలాదిమంది. వారిలో మన ముస్లిం ఇళ్ళ ఆడపడుచులు చాలామందే ఉన్నారు. ఉదయం వంట కాగానే చాట ఒళ్ళోకి వస్తుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కాబట్టి తల ఎత్తితే నష్టం, లేస్తే నష్టం. మెడ, నడుము పట్టేస్తాయి, కళ్ళు మండుతాయి, తంబాకు ధూళికి దగ్గు వస్తుంది. ఇవి ఆ పని చేసే ప్రతి ఇంట్లో వినిపించే మాటలే. శరీరం కంటే ముందు మనసు అలిసిపోతుంది. పొద్దున చుట్టిన బీడీకీ సాయంత్రం చుట్టిన బీడీకీ తేడా ఉండదు. నిన్నటి కంటే ఈరోజు ఏదో పెరిగింది, ఏదో మారింది అనే చిన్న సంతోషం ఆ పనిలో లేదు.

ఇక రెండోవారు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు. దుబాయి, మస్కట్, జెద్దా, దోహాలలో పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిపి, వీసా అయిపోయో ఒంట్లో బాగోలేకో ఇల్లు చేరినవారు ఈ ప్రాంతంలో ప్రతి గల్లీలో కనిపిస్తారు. పిల్లలు తండ్రి లేకుండానే పెద్దవాళ్ళయి ఉంటారు. ఇంటి పెత్తనం భార్య చేతుల్లో కుదురుకుని ఉంటుంది. ఆ ఇంట్లో తన చోటు ఎక్కడో ఆయనకు తోచదు. హోటల్లో చాయ్, ఇంట్లో ఫోను, మధ్యలో దిగులు. వీరిలో కొందరు అక్కడి బలదియా పనుల్లో, తోటల కంపెనీల్లో పనిచేసినవారు. ఎడారిలో రోడ్ల వెంట ఖర్జూరపు చెట్లకు, పచ్చిక బయళ్ళకు నీళ్ళు పట్టినవారు. పరాయి దేశాన్ని పచ్చగా చేసిన ఆ చేతులు ఇక్కడ తమ ఇంటి ముందు ఒక్క వేపమొక్క కూడా నాటకపోవడం మాకెప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

మూడోవారు వృద్ధులు. మోకాళ్ళ నొప్పులతో నమాజుకు కుర్చీ వేసుకునే దాదీలు, నానీలు. ఇంట్లో అందరూ ఏదో పనిలో ఉంటారు, వారికి మాత్రం ఏ పనీ మిగల్చరు. ప్రేమతోనే అనుకోండి, ‘మీరు కూర్చోండి అమ్మీ’ అంటారు. రోజంతా కూర్చుని ఉండటం ఎంత బరువో కూర్చున్నవారికే తెలుస్తుంది.

నాటడం ఒక సదఖా

మన ధర్మంలో మొక్క నాటడానికి ఉన్న స్థానం పాఠకులకు కొత్త కాదు. ఒక ముస్లిం నాటిన చెట్టు నుంచి గాని, వేసిన పంట నుంచి గాని పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది అతనికి సదఖాగా లెక్కకు వస్తుందనే భావం గల హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. గమనించండి: యజమాని తిన్నాడా లేదా అన్న ప్రస్తావనే అక్కడ లేదు. చిలుక జామకాయ కొరికిపోతే మనకు చిరాకు కలుగుతుంది. హదీసు ప్రకారం ఆ కొరికినదీ మన ఖాతాలోనిదే.

అంతకంటే ఆశ్చర్యకరమైనది ముస్నద్ అహ్మద్‌లోని మరో హదీసు. ప్రళయ ఘడియ వచ్చే వేళకు ఎవరి చేతిలోనైనా మొక్క ఉంటే, వీలయితే దాన్ని నాటేయాలన్నది దాని సారం. ఆ మొక్క కాయదు, నీడనివ్వదు. అయినా నాటమన్నారు దైవప్రవక్త (స). ఫలితంతో పని లేకుండా, నాటే క్రియే మనిషికి మేలు అని దీన్నుంచి మేము గ్రహిస్తున్నాం. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుంచి విముక్తి పొందడానికి మూడు వందల ఖర్జూరపు మొక్కలు నాటవలసి వస్తే, దైవప్రవక్త (స) స్వహస్తాలతో మొక్కలు నాటిన సంఘటన కూడా ముస్నద్ అహ్మద్‌లో ఉంది. మట్టి పని చిన్నతనం అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆసుపత్రిలో పూలు, నీళ్ళు

తోటను మందుగా వాడటం ఈ కాలపు కనిపెట్టుడు కాదు. మధ్యయుగాల ముస్లిం నగరాల్లో ‘బీమారిస్తాన్’ అనే ఆసుపత్రులు ఉండేవి. డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో కట్టించినది, కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించినది ప్రసిద్ధమైనవి. నడుమ విశాలమైన ఆవరణ, నీటి కొలను, చుట్టూ గదులు. అలెప్పోలో 1354లో కట్టిన అర్గూన్ బీమారిస్తాన్‌లో మానసిక రోగులుండే గదులు కూడా కొలనున్న ఆవరణల వైపే తెరుచుకునేవి. మంచం మీద ఉన్న రోగికి నీటి చప్పుడు వినపడాలన్నది ఉద్దేశం.

వీటన్నిటిలో మా మనసుకు బాగా పట్టినది తుర్కియేలోని ఎదిర్నె పట్టణపు వైద్యాలయం. సుల్తాన్ రెండవ బాయెజీద్ దాన్ని 1488లో నిర్మింపజేశాడు. పదిహేడో శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ అక్కడికి వెళ్ళి చూసినది రాసిపెట్టాడు. మనసు చెదిరినవారికి అక్కడ వారానికి మూడుసార్లు సంగీతం వినిపించేవారట. వసంతకాలంలో పూలు తెచ్చి రోగుల చేతికిచ్చేవారట, వాటి పరిమళమే చికిత్సలో భాగం. అదే కాలంలో ఐరోపాలో చాలాచోట్ల మతి తప్పినవారిని గొలుసులతో కట్టేసేవారు. 1796లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో క్వేకర్ మతస్థులు ‘రిట్రీట్’ అనే ఆశ్రమం తెరిచి, రోగులను తోటలో తిరగనిచ్చి, పని చేయనిచ్చిన తరువాత అక్కడా మార్పు మొదలయింది. ఎదిర్నె భవనం ఈనాడు వైద్య చరిత్ర ప్రదర్శనశాలగా ఉంది.

మరి మన దగ్గర? బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థలో మానసిక రోగుల పునరావాసానికి నేర్పే పనుల్లో తోటపని కూడా ఒకటి. వడ్రంగం, కుట్టుపని, బేకరీ పనుల పక్కన దానికీ చోటు ఇచ్చారు.

శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూసిన సంగతులు కూడా ఉన్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషను చేయించుకున్నవారి రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు తీసి చూశాడు. 23 మంది గదుల కిటికీ లోంచి చెట్లు కనిపించేవి, మరో 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు చూసినవారు సగటున ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ అడిగారు. ఈ వివరాలు 1984లో అచ్చయ్యాయి. నెదర్లాండ్స్‌లో మరో పరీక్ష చేసి 2011లో ప్రకటించారు. తోటలు పెంచే 30 మందికి చికాకు పుట్టించే పని ఒకటి అప్పగించి, తరువాత కొందరిని అరగంట తోటపని చేయమన్నారు, మిగతావారిని అరగంట చదువుకోమన్నారు. ఒత్తిడి వేళ శరీరంలో పెరిగే కార్టిసాల్ అనే రసం రెండు జట్లలోనూ తగ్గింది. తోటపని చేసినవారిలో ఎక్కువగా తగ్గింది. వారి మనసు మునుపటిలా తేలికపడింది కూడా.

ఇవి చిన్న పరీక్షలే. వీటిని పట్టుకుని తులసి చెట్టు కాన్సరు తగ్గిస్తుందనే స్థాయికి పోయేవారిని నమ్మరాదు. మట్టిలోని ఒక సూక్ష్మజీవి ఆనందాన్ని పుట్టిస్తుందని కూడా ఈమధ్య ప్రచారం జరుగుతోంది. ఆ మాటకు ఆధారం ఎక్కువగా ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు. అంత దూరం పోనక్కరలేకుండానే తోటపని మేలు మనకు తెలుస్తుంది. వంగుతాం, లేస్తాం, నీళ్ళు మోస్తాం, కాబట్టి కండరాలు కదులుతాయి. వారానికి నూటయాభై నిమిషాలు ఒళ్ళు కదిలే పని చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతోంది. రోజుకు ఇరవై అయిదు నిమిషాల చొప్పున ఆరు రోజులు పెరట్లో చురుకుగా పనిచేస్తే ఆ లెక్క నిండుతుంది. షుగరు, బీపీ ఉన్నవారికి నడకతో పాటు ఇదీ మంచిదే. నాలుగు గోడల మధ్య ఉండే మన స్త్రీలకు ఇంకో లాభం ఉంది. ఎండ తగలక డి విటమిను తక్కువైన వారు మన ఇళ్ళలో ఎందరో. గోడ చాటున్న ఆంగన్‌లో మొక్కలుంటే పరదాకు లోటు లేకుండానే ముఖానికి, చేతులకు కాస్త ఎండ తగులుతుంది.

బీడీ చుట్టే ఇంట్లో మొక్క

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తోటపని పుస్తకాలలో ఇది ఉండదు. తంబాకు ఆకుకు ఒక వైరసు జబ్బు ఉంది, ఇంగ్లీషులో టొబాకో మొజాయిక్ అంటారు. అది ఎండిన తంబాకులో కూడా చాలాకాలం నశించకుండా ఉంటుంది. మనుషులకు దానితో ప్రమాదం లేదు. కానీ తంబాకు పట్టిన చేతులతో టమాటా మొక్కనో మిరప మొక్కనో ముట్టుకుంటే దానికి అంటుకుంటుంది. ఆకుల మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు పడతాయి, ఆకు సన్నబడి వంకర పోతుంది, కాపు తగ్గుతుంది. మిరపలో ఆకు ముడుచుకుపోతే మాత్రం అది చాలాసార్లు పురుగుల వల్ల వచ్చే ముడతే, రెంటినీ కలపకూడదు. మచ్చల జబ్బుకు మందు లేదు, మొక్క పీకి దూరంగా పారేయాలి. రాకుండా చేయడం మాత్రం చాలా తేలిక: చాట పక్కన పెట్టి, సబ్బుతో చేతులు బాగా కడుక్కుని, ఆ తరువాతే మొక్కల దగ్గరికి పోవాలి.

ఇందులో ఇంకో లాభం దాగి ఉంది. తంబాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మొక్క కోసం అలవాటయిన చేతుల కడుగుడు పిల్లకు అన్నం కలిపే ముందు కూడా అలవాటవుతుంది. టమాటా మొక్క బతకాలని కడిగిన చేతులు ఇంటివారినీ కాపాడతాయన్నమాట.

తంబాకు చెత్తను నీళ్ళలో నానబెట్టి పురుగుల మందుగా చల్లే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. తినే కూరగాయల మీద ఆ పని వద్దు. నికోటిన్ విషం. పసిపిల్లలున్న ఇంట్లో ఆ కషాయం సీసాలో నిలవ ఉంచడం అసలే ప్రమాదం. వేపగింజల కషాయం చాలు.

చాట ముందు కూర్చునే చోటి నుంచి కనబడేలా ఒక తీగ పాకించండి. కాకర గాని, బీర గాని, సొరకాయ గాని. సొరకాయ దైవప్రవక్త (స) ఇష్టంగా ఆరగించేవారని హజ్రత్ అనస్ (రజి) ద్వారా బుఖారీలో వచ్చింది కూడా. ఈ తీగలు ఎంత త్వరగా పెరుగుతాయంటే నిన్న తాడు కింద ఉన్న కొస ఈరోజు తాడు పైకి చేరుతుంది. ప్రతి రెండు వందల బీడీలకొకసారి లేచి, చేతులు కడుక్కుని, ఆ తీగ దగ్గరికి పోయి నాలుగు నిమిషాలు నిలబడితే మెడకు, నడుముకు, కళ్ళకు విశ్రాంతి. కూలి తగ్గుతుందని భయపడవద్దు. నడుము పట్టేసి రెండు రోజులు పడుకుంటే పోయే కూలితో పోలిస్తే ఇదెంత?

అత్తాకోడళ్ళ మధ్య కూడా మొక్క ఒక మాట కల్పిస్తుంది. “పుదీనాకు నీళ్ళు పోసినవా బిడ్డా?” “పోసిన అత్తమ్మా, రెండు కొత్త కొమ్మలొచ్చినయి చూడు.” బీడీల లెక్క, ఫోను రీచార్జి, దుబాయి నుంచి రాని పైసలు తప్ప వేరే మాట లేని ఇళ్ళలో ఈ రెండు ముక్కలు కూడా తక్కువేం కాదు.

వుజూ నీళ్ళు

వేసవిలో నీళ్ళెక్కడివి అని అడిగేవారికి మా జవాబు వుజూ నీళ్ళు. దైవప్రవక్త (స) ఒక ‘ముద్’ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుతో, వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. మనం కుళాయి తిప్పి వదిలేస్తాం. మూడు లీటర్ల కంటే తక్కువ వాడేవారు అరుదు. ఇంట్లో అయిదుగురు అయిదు పూటలా వుజూ చేస్తే, మనిషికి మూడు లీటర్ల చొప్పున డెబ్బై అయిదు లీటర్లు. సబ్బు కలవని నీళ్ళు, మురికి కాలువలో కలిసిపోతున్నాయి. కుళాయి కింద ఒక తొట్టి పెడితే కరివేపాకు, అరటి, జామ మొక్కలు మే నెలలో కూడా బతుకుతాయి. మస్జిదు కమిటీలు ఈ పని పెద్ద ఎత్తున చేయవచ్చు. వుజూఖానా నీటిని చిన్న కాలువ తీసి ఆవరణలోని చెట్లకు, వీలున్నచోట ఖబ్రస్తాన్ చెట్లకు మళ్ళిస్తే ఖర్చు ఒక్క పైపుదే. మస్జిదులకు పాలరాయి పరిపించడానికి చందాలు పోగుచేసే ఉత్సాహంలో పదో వంతు దీనిపై చూపితే చాలు.

ఏ వేళలో చేయాలి? ఫజ్ర్ తర్వాత గాని, అసర్ తర్వాత గాని. రంజాన్ నెలలో అసర్ నుంచి ఇఫ్తార్ దాకా గడియారం కదలదని పిల్లలు అంటుంటారు. వారి చేతికి చెంబు ఇచ్చి చూడండి.

జాగ్రత్తలు

కుండీల కింది పళ్ళేలలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. అందుకని వారానికొకసారి, శుక్రవారం గుసుల్ వేళ అనుకోండి, గుర్తుంటుంది, ఆ పళ్ళేలూ వుజూ తొట్టీ ఖాళీ చేసి రుద్ది బోర్లించాలి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా మట్టిలోకి దిగకూడదు. పాదానికి చిన్న గాయమైనా వారికి ముదురుతుంది. అందరూ ధనుర్వాతం సూది వేయించుకుని ఉండాలి. ఆర్మూరు రాళ్ళ నేలలో తేళ్ళకు కొదవ లేదు, కుండీ జరిపే ముందు కర్రతో తట్టి చూడాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దలకు నేల మీద మడులు కట్టవద్దు. నడుము ఎత్తులో బల్ల మీద తొట్లు పెట్టి, కుర్చీ వేసి, కొత్తిమీర, మెంతికూర పని వారికే పూర్తిగా వదిలేయాలి. వదిలేయడం అంటే నిజంగానే వదిలేయాలి. వారు నీళ్ళు ఎక్కువ పోశారని కోడలు గొణగకూడదు.

పట్నం నర్సరీలలో పింగాణీ కుండీలు, రంగు గులకరాళ్ళు వేలకు వేలు పెట్టి కొని, నెల తిరక్కుండా ఎండబెట్టేవారున్నారు. పాత నూనె డబ్బా, చినిగిన సిమెంటు సంచి, అడుగున నాలుగు కంతలు, సగం మట్టి, సగం మాగిన పశువుల ఎరువు. మన పనికి ఇంతకన్నా అక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఎవరితో మాట్లాడకపోవడం, తిండి మానేయడం, చావు గురించి మాట్లాడటం. ఇవి కనబడితే అది మొక్కలతో పోయే దిగులు కాదు. నజర్ తగిలిందనో, జిన్ పట్టిందనో తావీజుల వారి చుట్టూ తిరిగి ఆరు నెలలు పోగొట్టుకునే కుటుంబాలున్నాయి. రోగానికి చికిత్స చేయించుకోమన్నది మన ప్రవక్త (స) ఆదేశమే. డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవ మొదలుపెట్టింది, 14416 నెంబరుకు చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అక్కరలేదు. మాత్రలు వాడుతూ పెరట్లో పనిచేయడంలో తప్పు లేదు, పెరడు ఉంది కదా అని మాత్రలు మానడం తప్పు.

గల్ఫ్ నుంచి వచ్చిన అన్నలకు మేము చెప్పేది ఒక్కటే. ఒక నిమ్మ, ఒక దానిమ్మ, ఒక అంజీర్ నాటండి. ఈ మూడూ మన నేలలో వస్తాయి, మూడూ కాపుకు రావడానికి ఏడాదో రెండేళ్ళో అంతకంటే ఎక్కువో పడుతుంది. అక్కడ ఎప్పుడూ రెండేళ్ళ వీసా లెక్కలోనే బతికారు, ఇక్కడ చెట్టు లెక్కలో బతికి చూడండి. పక్కన పిల్లవాడిని నిలబెట్టుకుని గుంత తవ్వితే వాడికీ మీకూ మాట కలుస్తుంది, ఎందుకంటే తవ్వేటప్పుడు ముఖాలు చూసుకుంటూ మాట్లాడవలసిన ఇబ్బంది ఉండదు.

గోరింట కొమ్మ వానాకాలంలో గుచ్చితే చాలు నాటుకుంటుంది, పండుగకు ఆకు కొనే పని లేదు. బంతి నాలుగు మొక్కలు ఎక్కువే వేయండి. బతుకమ్మ వేళకు పక్కింటి వాళ్ళు పూలకు వస్తారు, వాళ్ళు పట్టుకెళ్ళిన పూలకు బదులు సద్దుల డబ్బా మీ ఇంటికి వస్తుంది. మల్లె, రైహాన్ కిటికీ దగ్గర ఉంటే ఇషా నమాజు తర్వాత గదిలోకి వాసన వస్తుంది.

ఇక పసుపు. చేలల్లో క్వింటాళ్ళ కొద్దీ పండే ఊళ్ళో కుండీలో పసుపు వేయమంటే నవ్వుతారు, కానీ నీడ పడే ఆంగన్‌కు అంతకంటే మంచి మొక్క లేదు. మన రైతులు మొక్కజొన్న నీడలో దాన్ని పండించేది అందుకే. మృగశిర కార్తెలో రెండు మొటిమలున్న కొమ్ము ముక్కను మూడు అంగుళాల లోతులో పెట్టి, పైన ఎండాకు కప్పాలి. మొలక రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తవ్వి చూడవద్దు. నీళ్ళు నిలవకూడదు. వర్షాకాలం అంతా వెడల్పాటి ఆకులు గాలికి ఊగుతుంటాయి. జనవరి తర్వాత ఆకు పసుపెక్కి వాలిపోతే నీళ్ళు ఆపి, మరో రెండు వారాలకు కుండీ బోర్లించాలి. పచ్చి పసుపు కొమ్మును కడిగి కొంచెం తురిమి పాలల్లో మరగనివ్వండి. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరును అడిగి తాగాలి. మండలో ఒకటి రెండు ముక్కలు విడిగా తీసి, నీడలో ఇసుక పొరల మధ్య దాచిపెడితే మళ్ళీ మృగశిర దాకా విత్తనం నిలుస్తుంది.